సెలవు రోజున ఫోను బిల్లు

ఆదివారం బడికి సెలవు. ఆగస్టు 15న ఆఫీసులకు సెలవు. సంక్రాంతికీ, దీపావళికీ ఊరంతటికీ సెలవే. కాని టెలిఫోనుకు సెలవంటూ లేదు. అది ఏడాదిలో 365 రోజులూ పనిచేస్తూనే ఉంటుంది. మరి సెలవు రోజున ఫోనులో మాట్లాడితే ఖర్చు తగ్గుతుందా, పెరుగుతుందా?

ఈ ప్రశ్న మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి చూడండి. ఎస్.టి.డి. బూతుల కాలం ఎరిగినవారు “సెలవునాడు సగం ఛార్జీయే కదా!” అంటారు. 2000 తరువాత సెల్‌ఫోను కొన్నవారు “పండగపూట మాట్లాడితే బ్యాలెన్సు ఇట్టే కరిగిపోయేది” అంటారు. ఇద్దరు చెప్పేదీ నిజమే! ఒకే సెలవుకు ఇలా రెండు విరుద్ధమైన లెక్కలు ఎందుకు వచ్చాయి? దీని వెనక కొంత గణితం ఉంది, కొంత యంత్ర విజ్ఞానం ఉంది, కొంత వ్యాపారమూ ఉంది. ఒక్కొక్కటే చూద్దాం.

మీటరు టిక్కుమన్న కాలం

మన దేశంలో ఆపరేటరు సాయం లేకుండా ఒక ఊరి నుంచి మరో ఊరికి నేరుగా నంబరు తిప్పి మాట్లాడే ఏర్పాటు 1960 నవంబరులో మొదలయింది. ఆనాడు కలిపిన ఊళ్ళు కాన్పూరు, లక్నో. దీన్నే మనం ఎస్.టి.డి. అన్నాం.

అప్పట్లో ఎక్స్ఛేంజిలో ప్రతి ఫోనుకూ ఒక మీటరు ఉండేది. కరెంటు మీటరు వంటిదే. మీరు మాట్లాడుతున్నంతసేపూ ఆ మీటరుకు ఆగి ఆగి ఒక చిన్న విద్యుత్ తాకిడి అందుతుండేది. దీనినే పల్సు అంటారు. ఒక పల్సు వస్తే మీటరులో అంకె ఒకటి ముందుకు జరుగుతుంది. నెలాఖరున ఎన్ని అంకెలు తిరిగాయో చూసి, ఒక్కొక్క అంకెకు ఇంత అని బిల్లు వేసేవారు.

మరి రాయితీ ఇవ్వడమెలా? పల్సు ధర మార్చనక్కర లేదు. రెండు పల్సుల మధ్య ఎడం పెంచితే చాలు! పగలు 4 సెకండ్లకు ఒక పల్సు వచ్చే చోట, 8 సెకండ్లకు ఒకటి వచ్చేలా చేశారనుకోండి. అదే నిమిషానికి 15 పల్సులు పడేచోట ఏడో ఎనిమిదో పడతాయి. ఛార్జీ సగమైపోయినట్లే. కుళాయి నుంచి నీటి బొట్టు పడే వేగం తగ్గించడం లాంటిదన్నమాట.

మామూలు పనిదినాల్లో పగటివేళ పూర్తి ఛార్జీ ఉండేది. సాయంత్రం దాటాక సగం, రాత్రి మరికాస్త గడిచాక మూడో వంతు, బాగా పొద్దుపోయాక నాలుగో వంతు. అందుకే రాత్రిపూట ఎస్.టి.డి. బూతుల ముందు జనం బారులు తీరేవారు. ఆదివారాల్లోనూ, మూడు జాతీయ సెలవు దినాలైన జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీల్లోనూ పగలు కూడా సగం ఛార్జీయే.

ప్రభుత్వం సెలవునాడు ఎందుకింత ఉదారంగా ఉంది? ఆ రోజుల్లో దూరపు కాల్స్‌లో ఎక్కువ భాగం ఆఫీసులవీ, వ్యాపారులవీ. సెలవునాడు అవి మూతబడతాయి. వేసిన తీగలు, కొన్న యంత్రాలు ఖాళీగా పడి ఉంటాయి. ఖాళీగా ఉన్న తీగ మీద సగం ధరకు ఎవరైనా మాట్లాడినా లాభమే గాని నష్టం లేదు. పైగా పనిదినం నాటి రద్దీలో కొంత భాగం సెలవు రోజుకు మళ్ళుతుంది.

దారులు ఎన్ని ఉండాలి?

‘రద్దీ’ అన్నమాట వచ్చింది కనుక దాన్ని కొలవడం నేర్చుకుందాం. ఒక ఊళ్ళో వెయ్యి ఫోన్లు ఉంటే వెయ్యి మందీ ఒకేసారి మాట్లాడరు. కాబట్టి బయటి ఊరికి వెయ్యి దారులు వేయడం దండుగ. అలాగని పది దారులే వేస్తే చాలామందికి లైను దొరకదు. మరి ఎన్ని వేయాలి?

ఈ ప్రశ్నకు సమాధానం కనిపెట్టినవాడు డెన్మార్కుకు చెందిన గణిత శాస్త్రజ్ఞుడు ఆగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్ (1878–1929). ఆయన కోపెన్‌హాగెన్ టెలిఫోను కంపెనీలో పనిచేస్తూ 1909లో ఈ విషయం మీద తొలి వ్యాసం ప్రచురించాడు. 1917లో ప్రసిద్ధమైన సూత్రాన్ని అందించాడు. టెలిఫోను రద్దీని కొలిచే ప్రమాణానికి 1946లో ఆయన పేరే పెట్టారు. ఒక దారి గంటసేపూ ఎడతెగకుండా పనిచేస్తే అది ఒక ఎర్లాంగ్.

ఉదాహరణకు, ఒక గంటలో 200 మంది ఫోను చేశారు. ఒక్కొక్కరు సగటున 3 నిమిషాలు మాట్లాడారు. మొత్తం 600 నిమిషాలు, అంటే 10 గంటలు. కాబట్టి రద్దీ 10 ఎర్లాంగులు. అయితే 10 దారులు సరిపోతాయనుకుంటున్నారా? సరిపోవు. ఎందుకంటే జనం వంతులవారీగా ఫోను చేయరు. ఒక క్షణం ఆరుగురే ఉంటారు, మరుక్షణం పదిహేనుమంది ఎగబడతారు. ఎర్లాంగ్ సూత్రం ప్రకారం 10 దారులుంటే నూటికి 21 కాల్స్ దొరక్కుండా పోతాయి. 15 దారులుంటే నూటికి నాలుగు కూడా పోవు. 20 దారులుంటే వెయ్యికి రెండు కూడా పోవు.

ఇప్పుడు అసలు విషయానికి రండి. 15 దారులతో హాయిగా నడుస్తున్న చోటికి పండగ వచ్చింది. అదే గంటలో 200కు బదులు 400 మంది ఫోను చేశారు. రద్దీ రెట్టింపయి 20 ఎర్లాంగులయింది. నష్టం కూడా రెట్టింపే అవుతుందా? కాదు! నూటికి నాలుగు లోపు ఉన్నది ఒక్కసారిగా నూటికి 33కు ఎగబాకుతుంది. లైను దొరకనివారు ఊరుకోరు కదా, మళ్ళీ మళ్ళీ నొక్కుతారు. దానితో రద్దీ ఇంకా పెరుగుతుంది.

పాత స్థితికి తేవాలంటే 26 దారులు కావాలి. అంటే ఇంకా 11 దారులు అదనంగా వేయాలి. అవి ఏడాదిలో ఆ నాలుగైదు రోజులే పనిచేసి, తక్కిన రోజులన్నీ ఊరికే ఉంటాయి. సంక్రాంతికి ఊళ్ళకు వెళ్ళే జనం కోసం కొన్న బస్సులను ఏడాది పొడుగునా డిపోలో నిలబెట్టినట్లు ఉంటుంది.

టవరు దగ్గర ఏమవుతుంది?

సెల్‌ఫోనుకు తీగ లేదు కాని, దారులు లేకపోలేదు. మన దేశంలో మొదటి సెల్‌ఫోను సంభాషణ 1995 జులై 31న జరిగింది. కలకత్తా నుంచి అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలోని కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. తరువాత మన దేశంలో విరివిగా వ్యాపించిన జి.ఎస్.ఎం. పద్ధతిలో ఒక రేడియో పౌనఃపున్యాన్ని 8 మంది పంచుకుంటారు. ఒక్కొక్కరికి సెకండులో వెయ్యో వంతు కన్నా తక్కువ సమయం దక్కుతుంది. అయితే ఆ వంతు సెకండుకు 217 సార్లు తిరిగి తిరిగి వస్తుంది కాబట్టి మాట తెగినట్లు తెలియదు. టవరు ఒక దిక్కుకు రెండు పౌనఃపున్యాలు వాడుతోందంటే 16 వంతులున్నట్లు. వాటిలో ఒకటి రెండు టవరు సొంత పనులకు పోగా, మాటలకు మిగిలేవి 14 లేక 15. మనం పైన లెక్కవేసిన 15 దారులు ఇటువంటివే.

మరి ఎస్.ఎం.ఎస్. సంగతి? అది మాటల దారిలో పోదు. టవరు సొంత పనులకని ఉంచుకున్న వంతులోనే, అంటే ఫోను కలిపేందుకు సంకేతాలు పంపుకునే సన్నని దారిలోనే ఇరుక్కుని పోతుంది. కొత్త సంవత్సరం అర్ధరాత్రి ఊరంతా ఒకేసారి శుభాకాంక్షలు పంపితే ఆ సన్నని దారి కిక్కిరిసిపోతుంది. అప్పుడు మాటల దారులు ఖాళీగా ఉన్నా, ఫోను కలవడం కష్టమవుతుంది.

సెలవు వేరు, పండగ వేరు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు మీకే తోస్తూ ఉండాలి. గాంధీ జయంతినాడు ఆఫీసులు మూతబడితే పాతకాలపు దూరపు లైన్లు ఖాళీ అయ్యేవి. అందుకని రాయితీ ఇచ్చారు. దీపావళినాడు, కొత్త సంవత్సరంనాడు బంధుమిత్రులందరూ ఒకరినొకరు పలకరించుకుంటారు. సెల్‌ఫోను టవర్లు నిండిపోతాయి. అందుకని రాయితీ తీసేశారు. క్యాలెండరులో రెండూ ఎర్ర అంకెలే అయినా, టెలిఫోను ఇంజనీరు కంటికి ఒకటి ఖాళీ రోజు, రెండోది తిరునాళ్ళ రోజు.

సెల్‌ఫోను కంపెనీలు పండగనాడు ధరను నేరుగా పెంచలేదు. మరో మార్గం తొక్కాయి. అదనంగా డబ్బు కట్టి రాయితీ కార్డు వేయించుకున్నవారికి మామూలు రోజుల్లో తక్కువ ధర, లేదా ఉచిత ఎస్.ఎం.ఎస్.లు. కొన్ని పండగ రోజుల్లో మాత్రం ఆ రాయితీ పనిచేయదు, అసలు ధరే పడుతుంది. ఇటువంటి రోజులకు ‘బ్లాకవుట్ డే’ అని పేరు పెట్టారు. రద్దీని అదుపు చేయడం ఇందులో ఒక ఉద్దేశమైతే, జనం ఎలాగూ పలకరించుకోక మానని రోజున ఆదాయం పెంచుకోవడం మరొకటి. గణితం మొదటిదాన్ని సమర్థిస్తుంది. రెండోది పూర్తిగా వ్యాపారం.

కంప్యూటరుకు పండగ ఎలా తెలుస్తుంది?

మీరు ఫోను పెట్టేయగానే ఎక్స్ఛేంజిలో ఒక చిన్న చీటీ తయారవుతుంది. కాగితం చీటీ కాదు, కంప్యూటరులో రాసుకున్న వివరం. ఎవరు ఎవరికి చేశారు, ఏ టవరు నుంచి, ఏ తేదీన, ఎన్ని గంటలకు మొదలయింది, ఎన్ని సెకండ్లు సాగింది అన్నవి అందులో ఉంటాయి. బిల్లు కట్టే కంప్యూటరు ఆ చీటీని తీసుకుని, మీ పథకం ఏమిటో చూసి, ధర నిర్ణయిస్తుంది. ముందే డబ్బు కట్టిన ఫోనయితే మాట్లాడుతుండగానే బ్యాలెన్సులోంచి తీసివేస్తుంటుంది.

కంప్యూటరు ముగ్గు చూడదు, గుమ్మానికి కట్టిన మామిడి తోరణం చూడదు. దానికి తెలిసినది తేదీ ఒక్కటే. ఆదివారాన్ని అది తనంత తాను లెక్కించుకోగలదు, ఏడు రోజులకోసారి వస్తుంది కనుక. జనవరి 26 ఎప్పుడూ జనవరి 26నే. కాని ఉగాది చాంద్రమానాన్ని అనుసరించి ఏటా మార్చి, ఏప్రిల్ నెలల మధ్య అటూ ఇటూ జరుగుతుంది. రంజాన్ ఏటికి సుమారు 11 రోజుల చొప్పున ముందుకు వస్తుంది. కాబట్టి మనుషులు ఏటేటా ఒక పట్టిక రాసి కంప్యూటరుకు ఇవ్వాలి. ఆ పట్టికలో ఉన్న తేదీయే దానికి పండగ. పట్టికలో లేకపోతే ఊరంతా పండగ చేసుకున్నా దానికి మామూలు రోజే!

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. లెక్కకు వచ్చేది మీ చేతి గడియారం కాదు, ఎక్స్ఛేంజి గడియారం. మీరు హైదరాబాదు నుంచి అమెరికాలో ఉన్న అన్నయ్యకు ఫోను చేస్తే, అక్కడ సెలవా కాదా అన్నదానితో మీ బిల్లుకు పని లేదు. ఇక్కడి తేదీ, ఇక్కడి గంట, ఇక్కడి పట్టిక, అంతే.

ఒక చిన్న లెక్క

ఒక ఊహా కంపెనీని తీసుకుందాం. అసలు ధర నిమిషానికి 1 రూపాయి. రాయితీ కార్డు ఉంటే 30 పైసలు. పల్సు 60 సెకండ్లు. అంటే నిమిషం దాటి ఒక్క సెకండు మాట్లాడినా రెండు నిమిషాల కిందే లెక్క.

ఒక కుటుంబం పండగనాడు 12 మంది బంధువులకు ఫోను చేసింది. ఒక్కొక్కరితో 70 సెకండ్లు మాట్లాడారు. ప్రతి కాల్‌కు 2 పల్సులు, మొత్తం 24 పల్సులు. మామూలు రోజయితే 24 × 30 పైసలు, అంటే 7 రూపాయల 20 పైసలు. రాయితీ లేని రోజున 24 రూపాయలు. మూడు రెట్ల కన్నా ఎక్కువ!

అదే కుటుంబం ప్రతివారితో 58 సెకండ్లలో ముగించి ఉంటే పండగనాడు కూడా 12 రూపాయలే అయ్యేది. ఒక్కో కాల్‌కు పన్నెండు సెకండ్ల తేడాకు బిల్లు సగమయిందన్నమాట. 2009లో టాటా డొకోమో సెకండుకు ఒక పైస అనే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. ఆ లెక్కన 12 × 70, అంటే 840 పైసలు, 8 రూపాయల 40 పైసలు. కాబట్టి బిల్లును నిర్ణయించేది నిమిషం ధర ఒక్కటే కాదు. పల్సు ఎంత పొడవు, ఆ రోజు పట్టికలో ఉందా లేదా అన్నవి కూడా.

పట్టిక ఎవరి చేతిలో ఉండాలి?

పట్టిక రాసేది కంపెనీ. డబ్బు కట్టేది జనం. కంపెనీ తన ఇష్టం వచ్చినప్పుడు ఒక తేదీని పట్టికలో చేర్చగలిగితే, నెల ముందు డబ్బు కట్టి రాయితీ కార్డు వేయించుకున్నవాడి గతేమిటి? పది రూపాయలు, ఇరవై రూపాయలు రీచార్జి చేసుకునే కూలీకి పండగపూట ఆ బ్యాలెన్సు పోవడం చిన్న సంగతి కాదు. ఆ పూట ఇంటికి ఫోను చేయడానికే అతడు దాన్ని దాచుకున్నది.

మన దేశంలో టెలిఫోను కంపెనీల మీద అజమాయిషీకి 1997లో భారత టెలికం నియంత్రణ ప్రాధికార సంస్థ ఏర్పడింది. దీనినే క్లుప్తంగా ట్రాయ్ అంటారు. 2008 సెప్టెంబరులో ట్రాయ్ కంపెనీలకు ఒక ఆదేశమిచ్చింది. రాయితీ వర్తించని పండగ రోజులు ఏడాదికి 5కు మించరాదు. అవి ఏయే రోజులో పథకంలో చేరేటప్పుడే వినియోగదారుకు చెప్పాలి. ఆ తరువాత పట్టికలో కొత్త రోజులు చేర్చరాదు, ఉన్నవాటిని మార్చరాదు.

గమనించారా? రాయితీ తీసేయకూడదని ట్రాయ్ అనలేదు. రద్దీ నిజమైనదే. కాని ముందుగా చెప్పిన ధరకూ, చెప్పకుండా పడిన ధరకూ చాలా తేడా ఉంది. ముందుగా తెలిస్తే భోగినాడే నలుగురికి ఫోను చేసుకోవచ్చు. రద్దీ కూడా కొంత తగ్గుతుంది. తెలియకపోతే రద్దీ తగ్గదు, జేబు మాత్రం ఖాళీ అవుతుంది.

ఇప్పటి సంగతి

2016 సెప్టెంబరులో జియో సర్వీసు మొదలయినప్పుడు, కాల్స్‌కు విడిగా ఛార్జీ ఉండదని, పండగ రోజుల్లోనూ ఇదే వర్తిస్తుందని ప్రకటించారు. తక్కిన కంపెనీలూ క్రమంగా ఆ దారి పట్టాయి. నేడు ఎక్కువమంది 28 రోజులకో, 84 రోజులకో ఒకేసారి డబ్బు కట్టి, దేశంలో ఎవరితోనైనా ఎంతసేపైనా మాట్లాడుకుంటున్నారు.

ఇది సాధ్యమవడానికి కారణాలున్నాయి. 4జి పద్ధతిలో మాటకు ప్రత్యేకమైన దారి లేదు. అది కూడా అంకెల పొట్లాలుగా మారి, బొమ్మలు, వీడియోలతో కలిసే ప్రయాణం చేస్తుంది. మాటకు సెకండుకు సుమారు 10 నుంచి 25 కిలోబిట్లు చాలు. వీడియోకు వెయ్యి కిలోబిట్ల పైమాటే. ఆ ప్రవాహంలో మాట పిల్లకాలువ వంటిది. పైగా ఒక కంపెనీ ఫోను నుంచి మరో కంపెనీ ఫోనుకు చేసినప్పుడు మొదటి కంపెనీ రెండోదానికి చెల్లించే రుసుము 2017లో నిమిషానికి 6 పైసలకు తగ్గి, 2021 జనవరి 1 నుంచి పూర్తిగా పోయింది. శుభాకాంక్షలు కూడా ఎస్.ఎం.ఎస్.ను వదిలి ఇంటర్నెట్టుకు చేరాయి.

అయితే రద్దీ మాయమయిందా? లేదు. కొత్త సంవత్సరం అర్ధరాత్రి వీడియో కాల్‌లో బొమ్మ ఆగి ఆగి కదలడం మీరు చూసే ఉంటారు. ఒకనాడు రద్దీకి మూల్యం డబ్బు రూపంలో చెల్లించాం. ఇప్పుడు నిరీక్షణ రూపంలో చెల్లిస్తున్నాం. ఎర్లాంగ్ లెక్క నేటికీ చెల్లుతూనే ఉంది.

విదేశాలకు చేసే కాల్స్‌కు, విదేశాలకు వెళ్ళినప్పుడు వాడే ఫోనుకు, విడిగా నిమిషాల లెక్క ఉన్న పథకాలకు మాత్రం పల్సూ, ధరా ఇంకా చూసుకోవలసిందే. కొత్త పథకం తీసుకునేటప్పుడు మూడు సంగతులు అడగండి: పల్సు ఎన్ని సెకండ్లు? రాయితీ ఏ రోజుల్లో వర్తించదు? కాల్ మధ్యలో తేదీ మారితే ఏ ధర పడుతుంది?

మీరే లెక్క కట్టండి

ఆ మూడో ప్రశ్న మీద ఒక లెక్క. డిసెంబరు 31 రాత్రి 11 గంటల 58 నిమిషాలకు ఒక కాల్ మొదలయి సరిగ్గా 5 నిమిషాలు సాగింది. డిసెంబరు 31న రాయితీ ధర నిమిషానికి 30 పైసలు. జనవరి 1న రాయితీ లేదు, నిమిషానికి 1 రూపాయి. మొదలయిన వేళ ధరనే కాల్ మొత్తానికి వేస్తే ఎంత? అర్ధరాత్రి దగ్గర రెండు ముక్కలు చేసి వేస్తే ఎంత?

(జవాబు: మొదటి పద్ధతిలో 1 రూపాయి 50 పైసలు. రెండో పద్ధతిలో 60 పైసలు, 3 రూపాయలు కలిపి 3 రూపాయల 60 పైసలు. కాల్ ఒకటే, గడియారం ఒకటే. తేడా అంతా ముందుగా రాసుకున్న నియమంలో ఉంది.)